క్యాండీ కేన్ కేసు, దీపావళి పెన్సిళ్ళు

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా దీపావళికి క్లాసులో అందరికీ పెన్సిళ్ళు పంచుతానంది. వాళ్ళమ్మ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని ఒక్కో పెన్సిలుకి ఒక్కో చిన్న కార్డు దారంతో కట్టింది. కార్డు మీద నరకాసురుడి కథ నాలుగు వాక్యాల్లో ఉంది. మర్నాడు సాయంత్రం పిల్ల ఇంటికొచ్చేసరికి పెన్సిళ్ళు అయిపోయాయి గాని, కార్డులన్నీ రబ్బరు బాండు వేసి బ్యాగులోనే ఉన్నాయి. "మతానికి సంబంధించినవి పంచకూడదట" అంది. మేమేమీ మాట్లాడలేదు. పోనీలే, పిల్లని వేరుగా చూడకుండా ఉంటే అంతే చాలు అనుకుని ఊరుకున్నాం.

ఆ డిసెంబరులో మా ఇంట్లో పాట్‌లక్‌కి వచ్చిన మిత్రులతో ఈ సంగతి అన్నాను. ఒకాయన వెంటనే, "మన దీపావళి సంగతి అలా ఉంచండి, ఈ ప్లేనోలో క్రిస్మస్‌కే దిక్కు లేదు. ఒకప్పుడు పిల్లల్ని ఎరుపు, ఆకుపచ్చ బట్టలు వేసుకురావద్దన్నారట" అన్నాడు. పక్కనున్నావిడ నవ్వేసింది. "దేశంలో సగానికి పైగా వాళ్ళే ఉంటే వాళ్ళని పీడించేదెవరండీ? అదంతా టీవీ వాళ్ళు అల్లిన కథ" అంది. ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే కేసు గురించి. ఇద్దరిలో ఎవరూ ఆ తీర్పు చదవలేదు. ఆ మాటకొస్తే నేనూ అప్పటికి చదవలేదు.

తర్వాత తీరిక చేసుకుని చదివాను. తేలిందేమిటంటే, ఇద్దరి మాటల్లోనూ కొంత నిజముంది, కొంత లేదు. దేన్ని దేనితో కలిపేశారో విడదీసి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. కన్సర్వేటివ్ క్రైస్తవులు "మమ్మల్ని పీడిస్తున్నారు" అనడం ఈ దేశ రాజకీయాల్లో ఇవాళ పెద్ద మాట. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ క్రైస్తవ వ్యతిరేకతను తుదముట్టించాలంటూ ఏకంగా ఒక ఉత్తర్వే జారీ చేశాడు. ఆ మాటకి వేళ్ళు వెతుక్కుంటూ పోతే, వాటిలో ఒక వేరు మనూళ్ళోనే ఉంది.

అసలు కేసు

2003 డిసెంబరులో ప్లేనోలోని ఒక ప్రాథమిక పాఠశాలలో శీతాకాలపు సెలవుల ముందు పార్టీ జరిగింది. పిల్లలు ఒకరికొకరు చిన్న చిన్న బహుమతులు ఇచ్చుకోవడం ఆనవాయితీ. ఒక మూడో తరగతి కుర్రాడు క్యాండీ కేన్ ఆకారంలో ఉన్న కలాలు తెచ్చాడు. వాటికి కట్టిన కార్డు మీద ఆ మిఠాయికి చెప్పే క్రైస్తవ కథ ఉంది: తలకిందులు చేస్తే యేసు పేరులో మొదటి అక్షరం, ఎరుపు ఆయన రక్తం, తెలుపు ఆయన పవిత్రత. కార్డులో మతం ఉంది కాబట్టి పంచడానికి వీల్లేదన్నారు. అదే డిస్ట్రిక్ట్‌లో ఇంకో పాఠశాలలో ఒక చిన్నపిల్ల, యేసు తనని ప్రేమిస్తాడన్న అర్థం వచ్చే మాటలున్న పెన్సిళ్ళు తెస్తే వాటినీ ఆపారు. పెన్సిళ్ళు అన్న మాట దగ్గర నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

2004 డిసెంబరులో ఆ కుటుంబాలు ప్లేనో ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ మీద ఫెడరల్ కోర్టులో దావా వేశాయి. వాదించిన సంస్థ పేరు అప్పట్లో లిబర్టీ లీగల్ ఇన్‌స్టిట్యూట్, ఇప్పుడు ఫస్ట్ లిబర్టీ ఇన్‌స్టిట్యూట్. దాని కార్యాలయం కూడా ప్లేనోలోనే. ఆ యేడు సెలవుల పార్టీకి ముందే కోర్టు తాత్కాలికంగా పిల్లల పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. కేసు మాత్రం ఏళ్ళ తరబడి నడిచింది. ప్రిన్సిపాళ్ళ తరపు లాయర్లు ఒక దశలో, ప్రాథమిక పాఠశాల పిల్లలకి ఇలాంటి విషయాల్లో మొదటి సవరణ హక్కే వర్తించదని వాదించారు. 2011 సెప్టెంబరులో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు న్యాయమూర్తులంతా కలిసి కూర్చుని తీర్పు చెప్పారు. తీర్పులో రెండు భాగాలున్నాయి. ఒకటి, పిల్లలకి హక్కుంది. తోటి పిల్లలకి ఇచ్చే కానుకలో మతం ఉందన్న కారణం ఒక్కదానికే పాఠశాల దాన్ని అణచకూడదు. రెండు, అప్పటికి చట్టం అంత స్పష్టంగా లేదు కాబట్టి ఆ ప్రిన్సిపాళ్ళని సొంతంగా నష్టపరిహారానికి బాధ్యుల్ని చెయ్యలేం. 2012లో సుప్రీం కోర్టు ఈ కేసు వినడానికి నిరాకరించడంతో ఆ తీర్పు అలాగే నిలిచింది.

కాబట్టి, "అదంతా కథ" అన్నావిడ మాట తప్పు. ఆ కుర్రాడికి జరిగింది చిన్న అన్యాయమే గాని, నిజమైన అన్యాయం. పార్టీలో మిగతా పిల్లలు కార్టూన్ బొమ్మలున్న కార్డులు పంచుకోవచ్చు, వీడు తన నమ్మకం రాసుకున్న కార్డు పంచకూడదు. ఇది తటస్థత కాదు. పాఠశాల తాను మతబోధ చెయ్యకూడదన్న నియమాన్ని పిల్లవాడి నోటికి వర్తింపజేసింది. రాజ్యాంగం మూసింది ప్రభుత్వం నోరు. ఇక్కడ మూసింది పిల్లవాడి నోరు. మా అమ్మాయి కార్డుల విషయంలో జరిగిందీ అదే. నేను "పోనీలే" అన్నచోట ఆ తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వాళ్ళ రాజకీయాలతో నాకు పేచీ ఉండొచ్చు. కాని వాళ్ళు గెలిచిన హక్కు మా అమ్మాయిది కూడా.

కేసు బయట పెరిగిన కథ

ఇక మొదటాయన చెప్పిన ఎరుపు, ఆకుపచ్చ బట్టల సంగతి. దావాలోని ఆరోపణల్లో ఒకటి, పార్టీకి ఎరుపు, ఆకుపచ్చ రంగుల ప్లేట్లు, నాప్కిన్లు వద్దు, తెల్లవి తెమ్మన్నారని. 2005 డిసెంబరు నాటికి ఇది ఫాక్స్ న్యూస్‌లో బిల్ ఓరైలీ నోట్లో పడి, ప్లేనోలో ఒక పాఠశాల పిల్లల్ని ఆ రంగుల బట్టలు వేసుకోవద్దంది అనేదాకా పెరిగింది. అప్పటి సూపరింటెండెంటు డగ్ ఆటో అది శుద్ధ అబద్ధమన్నాడు. డిస్ట్రిక్ట్ లాయర్లు సవరణ కోరారు. అదే నెలలో ఓరైలీ టీవీలోనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా ఇన్నేళ్ళ తర్వాత మా ఇంట్లో పులిహోర తింటూ మిత్రుడు చెప్పింది మొదటి మాటే, సవరణ కాదు. పుకారు ఊరంతా తిరిగొచ్చేసరికి నిజం ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది.

అదే 2005లో జాన్ గిబ్సన్ అనే ఫాక్స్ వ్యాఖ్యాత "ది వార్ ఆన్ క్రిస్మస్" అన్న పుస్తకం వేశాడు. "క్రిస్మస్ మీద యుద్ధం" అన్న మాట అప్పటినుంచీ ఏటా పండగతో పాటే వస్తోంది. చరిత్ర చూస్తే ఇందులో ఒక తమాషా ఉంది. ఈ గడ్డ మీద క్రిస్మస్‌ని నిజంగానే చట్టం పెట్టి నిషేధించినవాళ్ళు ప్యూరిటన్లు. 1659 నుంచి 1681 దాకా మసాచుసెట్స్‌లో ఆ పండగ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. వాళ్ళని మించిన క్రైస్తవులు లేరని వాళ్ళ నమ్మకం.

ఈ పీడన కథని ఒక రచనలాగా చదివితే దాని అల్లిక తెలుస్తుంది. అందులో ఎప్పుడూ ఒక నిజమైన మనిషి ఉంటాడు: కుర్రాడో, కోచో, కేకులు చేసే దంపతులో. వాళ్ళకి జరిగినదాంట్లో ఎంతో కొంత నిజముంటుంది. తర్వాత ఆ ఒక్క మనిషి స్థానంలోకి యావత్తు క్రైస్తవ సమాజం వచ్చి చేరుతుంది. ఒక టీచరు తొందరపాటు, ఒక ప్రిన్సిపాలు భయం, ఒక దేశం పన్నిన కుట్ర అవుతాయి. అధికారంలో ఉన్నవాళ్ళే అందులో బాధితులవుతారు. చివరికి పరిహారంగా అడిగేది ఆ కుర్రాడి హక్కు కాదు, పాత పెత్తనం.

ఫస్ట్ లిబర్టీ వాదించిన ఇంకో పెద్ద కేసు, వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ ఫుట్‌బాల్ కోచ్ ప్రార్థన కేసు, ఈ అల్లికకి మంచి ఉదాహరణ. 2022లో సుప్రీం కోర్టు 6-3 తేడాతో కోచ్ పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ గోర్సచ్ రాసిన తీర్పులో ఆయన ఆట అయ్యాక ఒంటరిగా, మౌనంగా మోకరిల్లి దేవుడికి దండం పెట్టుకున్న మనిషి. జస్టిస్ సోటమయోర్ రాసిన అసమ్మతి తీర్పులో ఫోటోలే అచ్చువేశారు. వాటిలో ఆ కోచ్ చుట్టూ ఆటగాళ్ళు గుంపుగా ఉన్నారు. కోచ్ ప్రార్థిస్తుంటే, ఆటలో చోటు ఆయన చేతిలో ఉన్న పదిహేనేళ్ళ కుర్రాడు "నేను రాను" అనగలడా? ఒక తీర్పులో ఈ ప్రశ్నకి పెద్దగా చోటు లేదు, రెండో దాంట్లో అదే అసలు ప్రశ్న. జరిగిన సంఘటన ఒక్కటే. ఎవరిని కథలోంచి తప్పించారన్నదే తేడా.

ఎందుకు నమ్ముతారు?

వీళ్ళందరూ కపటులని నేననుకోను. 1960లో ప్లేనో జనాభా నాలుగు వేలకు లోపు, చుట్టూ పొలాలు. 2020 జనాభా లెక్కల్లో 2,85,000 దాటింది. పాఠశాల మొదలెట్టే ప్రార్థనలని సుప్రీం కోర్టు ఆపింది 1962లో, బైబిలు పఠనాన్ని 1963లో. అంతకు ముందు పుట్టి పెరిగినవాళ్ళకి ఊరు, బడి, చర్చి మూడూ ఒకటే. వాళ్ళ కళ్ళ ముందే పక్కింట్లోకి మనం వచ్చాం, వీధి చివర మసీదు వచ్చింది, పొరుగు ఊళ్ళో గుడి వచ్చింది. అన్నీ తమవే అయిన చోట తామూ ఒకరం అయిపోవడం ఎవరికైనా నష్టంగానే తోస్తుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దరికం పోయిన పెద్దాయన బాధ లాంటిది అది. బాధ నిజమే. కాని పెద్దరికం పోవడం వేరు, ఇంట్లోంచి గెంటివేయబడటం వేరు.

గెంటివేత అంటే ఏమిటో ఈ దేశానికి తెలియకపోలేదు. 1940లో, జెండా వందనం చెయ్యని యెహోవా సాక్షుల పిల్లల్ని బడినుంచి తీసెయ్యవచ్చని సుప్రీం కోర్టు చెప్పాక, దేశంలో పలుచోట్ల ఆ మతం వాళ్ళ మీద అల్లరిమూకలు పడ్డాయి. 1943లో కోర్టే తన తప్పు దిద్దుకుంది. మన దేశంలో సరిగ్గా ఇలాంటి కేసే 1985లో కేరళలో వచ్చింది. ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడ్డారు, పాడలేదు. బడినుంచి వాళ్ళని తీసేశారు. 1986 ఆగస్టులో భారత సుప్రీం కోర్టు వాళ్ళని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆయన ఆ పిల్లల నమ్మకం మనకి విచిత్రంగా తోస్తుందా లేదా అని చూడలేదు. వాళ్ళు దాన్ని నిజాయితీగా నమ్ముతున్నారా, దానివల్ల ఎవరికైనా హాని జరిగిందా అని చూశారు. వాళ్ళ వెనక ఓట్లు లేవు, టీవీ లేదు, గవర్నరు లేడు. పీడన అన్న మాట అలాంటి చోట వాడితే దానికి బరువుంటుంది.

పేరు మార్చి చూద్దాం

అయితే ఒక ఫిర్యాదు హక్కు కోసమా, పెత్తనం కోసమా అని తెలుసుకోవడం ఎలా? నాకు తోచిన దారి ఒకటే. ఫిర్యాదులో మతం పేరు తీసేసి ఇంకో మతం పేరు పెట్టాలి. అప్పుడు కూడా ఆ మనిషి అదే మాట అంటే అది హక్కు.

ఈ పరీక్షలో ఫస్ట్ లిబర్టీకి కొన్ని మార్కులు వెయ్యక తప్పదు. ప్లేనోకి పక్కనే ఉత్తర డాలస్‌లో ఒక ఇంట్లో ప్రార్థనలు జరుపుకునే చిన్న యూదు సమాజం మీద పొరుగువాడు దావా వేస్తే, వాళ్ళ తరపున నిలబడింది ఈ సంస్థే. 2015లో ఆ దావాలో గెలిచారు కూడా.

కాని రాజకీయ నాయకులకి ఇదే పరీక్ష పెడితే? ప్లేనోలోనే ఈస్ట్ ప్లేనో ఇస్లామిక్ సెంటర్ ఉంది. ఆ మసీదు వాళ్ళు జోసెఫిన్ అనే చిన్న ఊరి దగ్గర సుమారు 400 ఎకరాల్లో, వెయ్యికి పైగా ఇళ్ళు, మసీదు, బడితో ఒక కాలనీ కట్టాలనుకున్నారు. ఎపిక్ సిటీ అన్నారు దాన్ని. 2025లో రాష్ట్ర ప్రభుత్వం వరసగా దర్యాప్తులు మొదలెట్టింది. సెనేటర్ జాన్ కార్నిన్, దీనివల్ల టెక్సస్‌లోని యూదుల, క్రైస్తవుల రాజ్యాంగ హక్కులకి భంగం కలగవచ్చని కేంద్ర న్యాయశాఖకి ఉత్తరం రాశాడు. ఇంకా ఇటుక కూడా పెట్టని కాలనీ క్రైస్తవుల హక్కులకి ముప్పు అయింది! న్యాయశాఖ మే నెలలో దర్యాప్తు తెరిచి, ఎవరి మీదా అభియోగం లేకుండా జూన్‌లో మూసేసింది. రాష్ట్రం తరపు చర్యలు ఆ తర్వాతా సాగాయి. వేరే మతం వాళ్ళకి ఇళ్ళు అమ్మం అంటే అది 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం, అలా జరిగితే అడగాల్సిందే. కాని అదే నాలుగొందల ఎకరాల్లో ఒక బాప్టిస్టు చర్చి కాలనీ కడతానంటే ఇన్ని దర్యాప్తులు జరిగేవా?

ఇంకో ఉదాహరణ మన పిల్లల క్లాసుగదిలోనే ఉంది. 2025లో టెక్సస్ శాసనసభ, ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవున పది ఆజ్ఞలు కనబడేలా పెట్టాలని చట్టం చేసింది. వేర్వేరు మతాల కుటుంబాలు, ఏ మతమూ లేని కుటుంబాలు, వాళ్ళలో క్రైస్తవులూ హిందువులూ కూడా, కలిసి దావా వేశాయి. ఆగస్టు 20న ఫెడరల్ జడ్జి ఫ్రెడ్ బియరీ పదకొండు స్కూల్ డిస్ట్రిక్టుల్లో దాన్ని తాత్కాలికంగా ఆపాడు. ఆ పదకొండింటిలో మన ప్లేనో ఒకటి. అప్పీలు మళ్ళీ అదే అయిదో సర్క్యూట్‌కి వెళ్ళింది. ఆ చట్టాన్ని పట్టుబట్టి తెచ్చినవారిలో ముఖ్యుడైన లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్‌నే, 2025 మే నెలలో ట్రంప్ నెలకొల్పిన మతస్వేచ్ఛా కమిషన్‌కి అధ్యక్షుణ్ణి చేశారు.

క్యాండీ కేన్ కుర్రాడు ప్రభుత్వాన్ని అడిగింది "నా మాట నన్ను చెప్పుకోనివ్వండి" అని. ఈ చట్టం అడిగేది "మా మాట మీరే అందరి పిల్లలకీ చూపించండి" అని. మొదటిది మతస్వేచ్ఛ. రెండోదాన్ని కూడా అదే పేరుతో పిలవడం వల్ల నష్టపోయేది మొదటిదే. రేపు ఇంకో పిల్లవాడు నిజంగా అన్యాయం జరిగిందని వస్తే, జనం "మళ్ళీ మొదలెట్టారు" అని నవ్వేస్తారు, మా ఇంటికొచ్చినావిడ నవ్వినట్టు.

మన సంగతి

ఇంతవరకు రాసి ఆపేస్తే ఈ వ్యాసం మన పాఠకులకి హాయిగా ఉంటుంది. కాని పరీక్ష వాళ్ళకేనా?

2024 ఆగస్టులో హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడి విగ్రహం వెలిసింది. మరుసటి ఏడు సెనేట్‌కి పోటీపడుతున్న ఒక రిపబ్లికన్ అభ్యర్థి, అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహాన్ని ఇక్కడ ఎందుకు ఉండనిస్తున్నాం, ఇది క్రైస్తవ దేశం అని రాశాడు. మనకందరికీ ఒళ్ళు మండింది. మండాలి కూడా. మొదటి సవరణ గుర్తుచేస్తూ మన వాట్సాప్ గుంపులు హోరెత్తిపోయాయి.

అవే గుంపుల్లో నెల తిరక్కుండా, మన ఊళ్ళో కొత్తగా కట్టిన చర్చి గురించి, "ఇది హిందూదేశం, ఎందుకు ఉండనిస్తున్నారు" అన్న సందేశం వచ్చింది. రాసిందీ, చప్పట్లు కొట్టిందీ చాలావరకు ఆ మొదటి మనుషులే. దేశంలో నూటికి ఎనభై మంది ఉన్నవాళ్ళం "మనం ప్రమాదంలో ఉన్నాం" అని పొద్దున్నే ఫార్వర్డు చేసుకుంటున్నాం. పేర్లు మార్చి చదివితే అది టెక్సస్ నాయకుడి ఉపన్యాసమే.

నిజానికి మన దగ్గర క్రైస్తవుడు పడే బాధ చట్టంలోనే రాసి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులని చేర్చలేదు. ఆంధ్రాలో మాల, మాదిగ కుటుంబం చర్చికి వెళ్ళిందని కాగితం మీద తేలితే బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్లోకి మారాలి. ఊళ్ళో కులం మాత్రం మారదు. దళిత క్రైస్తవులకి ఎస్.సి. హోదా ఇవ్వమని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి కేంద్రాన్ని కోరింది. ఇది అర్హమా కాదా అని వాదించుకోవచ్చు. నేనడిగేది వేరు. 1964లో "క్రీస్తు చరిత్ర"కి సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన జాషువా మనకి మహాకవి. ఆయన పద్యాలు మన సభల్లో చదువుకుంటాం. ఆయన సమాజం గురించి మన సభల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం?

ప్లేనోలో మనం మైనారిటీ. అక్కడ మెజారిటీ. విమానం ఎక్కి దిగేసరికి న్యాయం మారిపోతే అది న్యాయం కాదు, మన సౌకర్యం. ఇక్కడి కన్సర్వేటివ్ క్రైస్తవుడికి మనం చెప్పదలచుకున్నది, అక్కడ మనం వినడానికి సిద్ధంగా ఉన్న మాటే అయ్యుండాలి.

తర్వాతి ఏడు దీపావళికి నేను మా అమ్మాయి టీచరుకి మర్యాదగా ఒక ఈమెయిలు రాశాను. ఈ సర్క్యూట్‌లో 2011 నుంచీ చట్టం ఇదీ అని రెండు వాక్యాలు, అభ్యంతరం ఉంటే ప్రిన్సిపాలుతో మాట్లాడతానని ఒకటి. జవాబు గంటలో వచ్చింది: తనకి ఆ సంగతి తెలియదని, క్షమించమని, కార్డులు పంచుకోవచ్చని. పీడన కాదు, తెలియకపోవడం. అడగడానికి మాకు ఏడాది పట్టింది.

డిసెంబరులో మా అమ్మాయి పక్కసీటు కుర్రాడు ఇచ్చిన క్యాండీ కేన్‌తో వచ్చింది. దానికి కార్డు కట్టి ఉంది. చదివి, "నాన్నా, ఇది వాళ్ళ నరకాసురుడి కార్డు లాంటిదన్నమాట" అంది. ఔనన్నాను. మిఠాయి తినేసి, కార్డు తన డ్రాయరులో పెట్టుకుంది.